నాలుగూ నలభై వరకు దాటవచ్చు

ఫిబ్రవరి 19, బుధవారం

ఆఫీసులో ఏటా ఇచ్చే డైరీలో ఇంతవరకూ చాకలి పద్దులు, ఇంట్లో అయిపోయిన సామాన్ల జాబితాలు తప్ప ఏమీ రాసుకోలేదు. ఈ మధ్యాహ్నం రికార్డు గదిలో కూర్చుని రాస్తున్నాను. ఎందుకని అడగడానికి ఇక్కడ ఎవరూ లేరు, అదొక సుఖం.

అందరూ పాల వ్యాను సంగతే మాట్లాడుకుంటున్నారు. ఆదివారం సాయంత్రం దీవికి వెళ్ళే కాజ్‌వే రోడ్డు మీద పోటు నీళ్ళలో చిక్కుకుంది. డ్రైవరు పోయాడు. దాటే టైము అయిపోయాక రోడ్డు మీదికి దిగాడట. తాగి ఉన్నాడట. ఉండే ఉంటాడు.

నాకు ఆ మనిషి తెలియదు. ఎప్పుడూ చూడలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

విచారణ పెడతారట. నన్ను పిలిస్తే తడబడకుండా చెప్పడానికి ఇక్కడ ఒకసారి రాసి చూసుకుంటాను.

అయ్యా, నేను ఓడరేవు కార్యాలయంలో ఆటుపోట్ల విభాగంలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. సముద్రపు నీరు ఏ రోజు ఎన్ని గంటలకు పెరుగుతుందో, ఎన్ని గంటలకు తగ్గుతుందో ఏడాది ముందే లెక్కకట్టి పుస్తకం వేస్తాము. నదీముఖంలో ఉన్న దీవికి వెళ్ళే కాజ్‌వే, నీరు తగ్గినప్పుడే బయటపడుతుంది. నీరు పూర్తిగా తగ్గిన వేళకు రెండు గంటల ముందు నుంచి రెండు గంటల తరువాత వరకు దాటవచ్చు. ఆ వేళలను రోజువారీగా అచ్చువేసి కాజ్‌వే మొదట్లో బోర్డు పెట్టాము. అంతకు ముందు అక్కడొక కాపలాదారు పలక మీద సుద్దతో రాసేవాడు. పదిహేను రోజులపాటు అక్కడే కొలతలు తీసి, వాటి ఆధారంగానే ఈ లెక్క కట్టాము. బోర్డు పెట్టి రెండేళ్ళయింది. ఒక్క ప్రమాదమూ జరగలేదు.

బాగానే ఉంది. 'పదిహేను రోజులపాటు' అన్న చోట గొంతు తగ్గించకూడదు.

ఫిబ్రవరి 22, శనివారం

పదిహేను రోజులు. కొలతల రిజిస్టరులో పదిహేను వరసలూ ఉన్నాయి.

ఫిబ్రవరి 24, సోమవారం

సూపరింటెండెంటు పిలిచాడు. ఆయన పిలిస్తే కుర్చీ చూపించడు, చూపించాడంటే ఏదో మునిగిందన్నమాట. ఇవాళ చూపించాడు.

"ఆ కర్ర తాత వాంగ్మూలం ఇచ్చాడయ్యా" అన్నాడు.

కర్ర తాత అంటే ఆ పాత కాపలాదారే. గుర్తులు పెట్టిన వెదురు కర్రతో నీళ్ళ లోతు చూసి వేళ చెప్పేవాడు కాబట్టి అందరికీ ఆ పేరే నోటికి వస్తుంది. బోర్డు ఉండగా మనిషెందుకని మొన్న డిసెంబరులో ఆయన ఉద్యోగం తీసేశారు. తీసేయమని పైకి వెళ్ళిన కాగితం నేను టైపు చేసిందే. సంతకం మాత్రం సూపరింటెండెంటుది.

"ఏమంటాడండీ?"

"వ్యాను నాలుగున్నరకి దిగిందంటాడు. బోర్డు మీద ఐదూ పది దాకా ఉంది కదా. నాలుగున్నరకి దిగినవాడు ఎలా మునుగుతాడు? శవం చేతికున్న వాచీ ఐదూ ఇరవై ఐదుకి ఆగింది. అంటే టైము దాటాకే దిగాడు. ముసలాయనకి ఉద్యోగం పోయిన కడుపుమంట."

"అంతే అయ్యుంటుందండీ" అన్నాను.

"ఇంకో కథ కూడా చెప్పాడు. ఇంజను ఆగిపోతే వాడు వ్యాను పైకెక్కి ముప్పావు గంట కేకలేశాడట. ఈయన ఒడ్డు మీద ఉండి విన్నాడట. పడవ దొరకలేదట."

నేను లేచి వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను. పెన్సిళ్ళు చెక్కాను. ఏడు పెన్సిళ్ళు చెక్కాను. నాలుగున్నర నుంచి ఐదుంబావు దాకా ముప్పావు గంట. వాచీ నీళ్ళలో మునగడానికి ఇంకో పది నిమిషాలు. ముసలాయన లెక్క కూడా సరిపోతోంది.

ఫిబ్రవరి 27, గురువారం

రిజిస్టరు తీసి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

మొదటి మూడు వరసలు పెన్సిలుతో ఉన్నాయి. కాగితం తడిసి ఉబ్బింది, ఒకచోట బురద వేలిముద్ర ఉంది. మిగతా పన్నెండు వరసలూ నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో, పెళ్ళి శుభలేఖలా ఉన్నాయి. ఎవరైనా ఈ పేజీ తెరిస్తే చాలు, ఏ వరసలు ఒడ్డు మీద రాసినవో, ఏవి ఫ్యాను కింద రాసినవో పసిపిల్లలు కూడా చెబుతారు.

ఆ రోజుల్లో వాన. ముసురు పట్టి వదల్లేదు. నాకు జలుబు. జ్వరం కూడా ఉన్నట్టు గుర్తు. మూడు రోజులు కూర్చుని చూశాను, మూడు రోజులూ నీళ్ళు తగ్గినంత సేపే పట్టింది పెరగడానికి కూడా. ఇంక మిగతా రోజులు వేరేగా ఎందుకుంటాయి అనుకున్నాను. లెక్క కట్టడం నా వృత్తి, కట్టాను.

ఆ మూడూ చిన్న పోటు రోజులు. చిన్న పోటులో నీళ్ళు బుద్ధిగానే ఉంటాయి. అమావాస్యకీ పున్నమికీ వచ్చే పెద్ద పోటుకి ఇరుకు ఏట్లో నీళ్ళు ఎనిమిది గంటలపాటు నెమ్మదిగా తగ్గి, నాలుగ్గంటల్లో ఒక్కసారిగా ఎక్కుతాయి. మొదటి ఏడాది ఉద్యోగంలోనే ఈ పాఠం చెబుతారు. నేను కూడా కొత్తవాళ్ళకి చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

అయినా రెండేళ్ళు ఏమీ కాలేదు కదా. తప్పయితే ఈపాటికి బయటపడేది.

(సాయంత్రం) రెండేళ్ళూ ఆ బోర్డు ఎవరూ చూడలేదు. కర్ర తాతని అడిగే దిగేవాళ్ళు. డిసెంబరు నుంచే చూస్తున్నారు.

మార్చి 1, శనివారం

మా ఆవిడకి దీవి ఆసుపత్రికి బదిలీ అయింది. పదో తారీఖు నుంచి అక్కడ నర్సు. రోజూ బస్సులో కాజ్‌వే మీద వెళ్ళి రావాలి. ఈ మాట నాకు వారం కిందటే చెప్పిందట, నేను "ఊఁ" అన్నానట.

"దారి ఎలా ఉంటుందో ఒకసారి చూసొస్తే బాగుంటుందండీ" అంది.

"రేపు వెళ్దాం" అన్నాను. నా నోటి నుంచి అంత వెంటనే రావడం చూసి ఆవిడ నుదురు ముట్టుకుని చూసింది, జ్వరమేమోనని. వాళ్ళ తమ్ముడు కారు తెస్తానన్నాడు. పొద్దున్నే సముద్రం కలిసే చోటు నుంచి మొదలుపెట్టి, ఏటి ఒడ్డు పట్టుకుని పైకి వెళ్ళి, సాయంత్రానికి కాజ్‌వే చూసుకుని రావడం. అన్నం డబ్బాలు కట్టుకుంటే పిక్నిక్కు.

వ్యాను మునిగి రేపటికి సరిగ్గా పద్నాలుగు రోజులు. ఆ ఆదివారం వచ్చినటువంటి పోటే రేపూ వస్తుంది. నేనేమీ కావాలని ఎంచుకోలేదు. సెలవు కాబట్టి ఆదివారం.

మార్చి 2, ఆదివారం

ఒంటి మీద బురద వాసన ఇంకా పోలేదు. రెండుసార్లు స్నానం చేశాను. వరసగా రాస్తాను.

తొమ్మిదికి బయల్దేరాం. బావమరిది కారుకి వాడికంటే రెండేళ్ళు ఎక్కువ వయసు. "బావా, ఆ ఎడమ తలుపు మీద వాలకు, అది నా మాటే వినదు, నీ మాట అసలు వినదు" అన్నాడు. వెనక సీట్లో మా ఆవిడ పకపకా నవ్వింది. చాలా రోజులయింది ఆ నవ్వు విని. వాళ్ళిద్దరూ ఒకచోట చేరితే నేను ఇంటికొచ్చిన చుట్టాన్ని అయిపోతాను, అది కూడా నాకు ఇష్టమే.

ముందు సముద్రం కలిసే చోటు. రాళ్ళ గట్టు మీద చివరిదాకా నడిచాం. ఒక పక్క నీలం నీళ్ళు, ఒక పక్క మట్టి నీళ్ళు, మధ్యలో గీత గీసినట్టు నురగ. మా ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని నడిచింది. "ఇన్నేళ్ళుగా ఈ నీళ్ళ లెక్కలు రాస్తారు కదా, ఒక్కసారైనా నన్ను ఇక్కడికి తీసుకురావాలనిపించలేదా?" అంది. కోపంగా కాదు. నేను వాచీ చూసి, నీళ్ళు తగ్గుతున్నాయన్నాను.

అక్కడి నుంచి ఉప్పుమడుల పక్కన మట్టిరోడ్డు. తెల్లటి ఉప్పు కుప్పలు వరసగా, మధ్యలో ఒక్క మనిషి లేడు. ఒక గట్టు దగ్గర కారు ఆపి కిందికి దిగాం. బురదలో ఏదో మెరిసింది. బావమరిది వెళ్ళి కాలితో తన్ని చూశాడు. సగం కూరుకుపోయిన పాల క్యాను. మూత లేదు. లోపల ఎండ్రకాయలు కాపురం పెట్టాయి.

"ఆ వ్యానుదే అయ్యుంటుంది బావా. ఎక్కడి కాజ్‌వే, ఎక్కడి ఉప్పుమడులు! ఇంత దూరం కొట్టుకొచ్చిందా!"

"పాపం, పెళ్ళాం ఉందట" అంది మా ఆవిడ. "తాగి బండి నడపడమేమిటో."

"పదండి, ఆలస్యమవుతోంది" అన్నాను.

"దేనికి ఆలస్యం?" అంది.

పడవలు బాగుచేసే షెడ్డు నీడలో అన్నాలు తిన్నాం. తిన్నామంటే వాళ్ళు తిన్నారు. బావమరిది అక్కడే ఒక బోర్లించిన పడవకి ఆనుకుని గుర్రు పెట్టాడు. మా ఆవిడ కొత్త ఆసుపత్రి గురించి చెబుతోంది, పది మంచాలట, డాక్టరు వారానికి రెండు రోజులేనట, కాన్పులన్నీ తనే చూసుకోవాలట. భయంగానూ ఉంది, ఉత్సాహంగానూ ఉంది ఆవిడకి. నేను పడవల అడుగున నీళ్ళ చార చూస్తున్నాను. రెండూ నలభైకి చార కదలడం ఆగింది. అక్కడికి నా లెక్క సరిగ్గానే ఉంది. ఎంత సంతోషం వేసిందంటే, లేచి నిలబడ్డాను.

మూడుంబావుకి కాజ్‌వే దగ్గరికి చేరాం.

బోర్డు పసుపుపచ్చది, మనిషెత్తు. నల్ల అంకెలు. ఆఫీసు ముద్ర. 'మార్చి 2: మధ్యాహ్నం 12.40 నుంచి సాయంత్రం 4.40 వరకు దాటవచ్చు.' నేను దాన్ని అచ్చు కాగితం మీద చూశానే కానీ నిలబెట్టాక చూడటం ఇదే మొదలు. బాగుంది. ఎంత దూరం నుంచైనా చదవవచ్చు.

తాళం వేసిన కాపలా గది అరుగు మీద కర్ర తాత కూర్చుని ఉన్నాడు. ఉద్యోగం పోయాక కూడా రోజూ వస్తాడట. మా ఆవిడ కాజ్‌వే వైపు నడుస్తుంటే లేచాడు.

"ఎక్కడికమ్మా? ఇప్పుడు దిగమాకండి. పెద్ద పోటు. మూడున్నర దాటితే మధ్య పల్లంలోకి వచ్చేస్తాయి నీళ్ళు."

"తాతా, నాలుగూ నలభై దాకా ఉంది చూడు" అని బావమరిది బోర్డు చూపించాడు. "అది రాసింది ఎవరనుకున్నావు? ఇదిగో, మా బావే!"

ముసలాయన నా కేసి చూశాడు. తిడతాడేమో అనుకున్నాను. చూస్తూ ఉండిపోయాడు.

"పెద్దాయన వద్దంటున్నాడు కదండీ, పదో తారీఖున ఎలాగూ చూస్తాను" అంది మా ఆవిడ.

"ఇంకా గంట పైన టైముంది. మధ్య దాకా వెళ్ళి వచ్చేద్దాం. నేనున్నాను కదా" అన్నాను.

నేనున్నాను కదా. ఆ మాటకి ఆవిడ వచ్చింది. బావమరిది ఇంజను వేడెక్కిందని నీళ్ళు పోస్తూ ఉండిపోయాడు. మూడూ ఇరవై ఐదుకి దిగాం.

రోడ్డు నిండా పాచి. రెండు పక్కలా బురద మైదానం, దాని అవతల మడచెట్లు. ఒక మలుపు తిరిగాక ఒడ్డు కనబడదు. కొంగలు లేవు. ఉదయం నుంచీ ఎక్కడ చూసినా ఉన్నాయి, ఇక్కడ ఒక్కటి కూడా లేదు. మధ్య పల్లంలో రోడ్డు మీద నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు నిలిచి ఉన్నాయి. అవి ఎప్పుడూ ఉంటాయి, నీరు పూర్తిగా తగ్గినా ఉంటాయి. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

"చూశాను కదా, వెళ్దామా?" అంది.

"ఇంకొంచెం."

"ఏముందండీ ఇక్కడ?"

"ఇంకొంచెం ఆగు."

మూడూ నలభై ఎనిమిది. మూడూ యాభై. నేను రోడ్డు పక్కనున్న రాయి కేసి, వాచీ కేసి, రాయి కేసి చూస్తున్నాను. మూడూ యాభై మూడుకి రాయి లేదు. చప్పుడు లేదు, అల లేదు. బురదలో సన్నటి కాలవలు సముద్రం వైపు పారుతూ ఉన్నవి వెనక్కి తిరిగి మా వైపు పారడం మొదలుపెట్టాయి. గడ్డిపరకలు, నురగ, ఒక రబ్బరు చెప్పు, అన్నీ హడావిడి లేకుండా రోడ్డు ఎక్కి అవతలికి దిగుతున్నాయి.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని లాగింది. పరిగెత్తాం. మలుపు దగ్గరికి వచ్చేసరికి మోకాళ్ళ లోతు. పాచి మీద ఆవిడ జారి పడింది, ఒక చెప్పు పోయింది. లేపబోయి నేను కూడా పడ్డాను. రోడ్డు అంచు ఎక్కడుందో తెలియడం లేదు. అప్పుడు కర్ర తాత నీళ్ళలో కనిపించాడు, కర్రతో రోడ్డు తడుముకుంటూ వస్తున్నాడు. ముందు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. కర్ర రెండో కొస నాకు అందించాడు.

ఒడ్డెక్కి చూస్తే నాలుగూ పన్నెండు. రోడ్డు లేదు. దీవి దాకా నీళ్ళే. వెనకాల నా బోర్డు, ఇంకా ఇరవై ఎనిమిది నిమిషాలు దాటవచ్చంటోంది.

బావమరిది అటూ ఇటూ పరిగెడుతూ "అక్కా, అక్కా" అంటున్నాడు. మా ఆవిడ వణుకుతూ నిలబడింది. నా వైపు తిరిగింది.

"నువ్వు నీళ్ళు చూడలేదు. నన్ను చూడలేదు. వాచీ చూస్తున్నావు" అంది.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను ఎప్పుడూ నువ్వనలేదు.

కారులో బావమరిది ఒకసారి ఏదో జోకు మొదలుపెట్టి, అద్దంలో వాళ్ళక్క మొహం చూసి మానేశాడు.

ఇది ఒక షికారు. దారి చూపించడానికి తీసుకెళ్ళాను.

పల్లంలో నీళ్ళు ఎక్కిన వేళ 3.53. బోర్డు ప్రకారం 4.40. తేడా 47 నిమిషాలు.

మార్చి 3, సోమవారం

గుమ్మం దగ్గర ఒక్క చెప్పే ఉంది. తీసి పారేయబోతే "ఉండనీ" అంది. పొద్దుటి నుంచి ఆవిడ మాట్లాడింది అదొక్కటే.

మార్చి 5, బుధవారం

సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. మళ్ళీ మీరు అంటోంది. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

"ఎన్ని రోజులు కొలిచారు?"

"పదిహేను."

"ఎన్ని రోజులు?"

"మూడు."

కప్పు బల్ల మీద పెట్టింది. "అయితే ఆయన తాగలేదు" అంది.

నేను కాఫీ మీది మీగడ తీసి పక్కన పెట్టాను.

"నన్నెందుకు తీసుకెళ్ళారు?"

పని మనిషిని అడిగినట్టు అడిగింది, మామూలుగా. నేను కూడా మామూలుగానే చెప్పాను. ఒక్కడినే వెళ్ళడానికి భయమేసింది. నువ్వు పక్కనుంటే ఏమీ జరగదనిపించింది. నువ్వు పక్కన ఉండగా అలా జరగదు కాబట్టి, నా లెక్క తప్పు కాదని తేలుతుందనిపించింది. నోటితో చెప్పాక అది ఎంత దిక్కుమాలిన మాటో నాకే తెలిసింది.

"మీరు పిరికివారని నాకు తెలుసు. ఇంత అని తెలియదు" అంది. కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

మార్చి 9, ఆదివారం

సూట్‌కేసు సర్దుకుంది. ఆసుపత్రి వెనక గది ఉందట, అక్కడే ఉంటుందట. పొద్దున్నే నీళ్ళు తగ్గగానే, కర్ర తాతని అడిగి వెళ్ళింది. తమ్ముడే దింపాడు. వాడు నన్ను బావా అని పిలవలేదు, కారు హారన్ కూడా కొట్టలేదు.

వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి చెప్పింది: "బోర్డు మారేదాకా నేను అటు నుంచి ఇటు దాటను."

"మారుస్తారు. నేను నోటు పెడతాను."

"ఎప్పుడు?"

"రేపు."

మార్చి 12, బుధవారం

నోటు రాశాను. ఒకటిన్నర పేజీ. 'పునఃపరిశీలనలో కొంత వ్యత్యాసం గమనించడమైనది' అని రాశాను. ఎవరు గమనించారు, ఎవరు చేశారు అన్నది వాక్యంలో లేకుండా రాయడం పంతొమ్మిదేళ్ళలో బాగా వచ్చింది.

సూపరింటెండెంటు కుర్చీ చూపించాడు. చదివాడు. మడిచి నా జేబులోనే పెట్టాడు.

"విచారణ అయ్యేదాకా బోర్డు మీద ఈగ కూడా వాలకూడదు. ఇప్పుడు మారిస్తే మనమే చంపామని ఒప్పుకున్నట్టు. నెల తరువాత చూద్దాం, ఏదో రంగు వెలిసిందని చెప్పి కొత్తది పెడదాం."

"ఈలోపల పెద్ద పోటు ఉందండీ. పదిహేడున."

"ఉంటుంది. నెలకి రెండుసార్లు ఉంటుంది. నువ్వు ఎన్ని రోజులు కొలిచావో నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. ఇంటికి వెళ్ళి పడుకో."

సిగ్గు లేకుండా రాస్తున్నాను, బయటికి వచ్చాక హాయిగా అనిపించింది. నేను నోటు పెట్టాను, పైవాళ్ళు వద్దన్నారు. ఇంక నా చేతుల్లో ఏముంది? మధ్యాహ్నం క్యాంటీనులో రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

మార్చి 13, గురువారం

నా చేతుల్లో ఏముంది.

మార్చి 16, ఆదివారం

ఆసుపత్రి నుంచి ఫోను చేసింది. బాగున్నారా అని కూడా అనలేదు.

"రేపు సంత. దీవి నుంచి ఆడవాళ్ళంతా మధ్యాహ్నం దారి తేలగానే అటు వస్తారు. సాయంత్రం నాలుగింటి బస్సులో తిరిగి వస్తారు. రేపు నీళ్ళు ఎప్పుడు ఎక్కుతాయి?"

నాకు చూడక్కర్లేదు. "నాలుగు దాటాక పల్లంలోకి వస్తాయి. బోర్డు మీద నాలుగూ యాభై ఉంది."

"కర్ర తాత ఆ బస్సు డ్రైవరుకి చెప్పాడట. బోర్డు ప్రకారం నడపమని మాకు ఆర్డరు, ముసలాడు చెప్పాడని బస్సు ఆపితే ఉద్యోగం పోతుంది అన్నాడట. నేనూ చెప్పాను. నర్సమ్మకి నీళ్ళ సంగతి ఏం తెలుసంటాడు."

"నేను సూపరింటెండెంటుకి..."

"మీరు వచ్చి చెప్పండి" అంది. "నలభై మంది ఉంటారు." ఫోను పెట్టేసింది.

మార్చి 17, సోమవారం

బస్సులో కూర్చుని రాస్తున్నాను. డ్రైవరు నన్ను ఇక్కడే ఉండమని దిగి వెళ్ళాడు. జరిగింది జరిగినట్టు రాసేస్తే మంచిది, తరువాత నేను దీన్ని ఎలా మారుస్తానో నాకు తెలుసు.

ఆఫీసుకి సెలవు చీటీ పంపి, మూడింటికల్లా కాజ్‌వే చేరాను. కర్ర తాత అరుగు మీద పక్కన చోటు చూపించాడు. నాలుగుకి నాలుగు నిమిషాల ముందు బస్సు వచ్చింది. నిండుగా ఉంది, కిటికీల్లో బుట్టలు, పిల్లలు. నేను వెళ్ళి రోడ్డు మధ్య నిలబడ్డాను.

డ్రైవరు హారన్ కొట్టాడు. నలభై ఏళ్ళుంటాయి, గుబురు మీసం. తల బయటపెట్టి "చావాలనుందా?" అన్నాడు.

"దాటొద్దు. నీళ్ళు వచ్చేస్తాయి."

"బోర్డు చూడు. నాలుగూ యాభై దాకా ఉంది."

"బోర్డు తప్పు."

"ఆఫీసువాళ్ళు లెక్కకట్టి ముద్ర వేసి పెట్టారు. వాళ్ళకంటే నీకు ఎక్కువ తెలుసా?"

బస్సులో నవ్వులు. ఎవరో ఆవిడ, ఇంటికెళ్ళి పొయ్యి ముట్టించాలి, పక్కకి జరగవయ్యా అంది. బస్సు నా మీదికి ఒక అడుగు జరిగింది. నాకు కాళ్ళు పక్కకి వెళ్దామన్నాయి. అబద్ధమెందుకు, ఒక కాలు వెళ్ళింది కూడా.

"అది రాసింది నేనే" అన్నాను. వినబడలేదేమోనని మళ్ళీ అరిచాను. "ఆ బోర్డు రాసింది నేనే. పదిహేను రోజులు కొలవాలి, మూడు రోజులే కొలిచాను. మిగతాది కూర్చుని రాసేశాను. పాల వ్యాను అతను టైముకే దిగాడు. నా బోర్డు చూసి దిగాడు."

డ్రైవరు ఇంజను ఆపేశాడు.

ఎవరూ కిందికి దిగలేదు. ఎవరూ నవ్వలేదు. కర్ర తాత వచ్చి నా పక్కన నిలబడి నీళ్ళ వైపు చూస్తున్నాడు. నేను వాచీ తీసి జేబులో పెట్టుకున్నాను. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. మలుపు అవతల నుంచి ముందు గడ్డిపరకలు వచ్చాయి, తరువాత నురగ, తరువాత రోడ్డు ఉన్న చోట రోడ్డు లేదు. బస్సులో ఒక పిల్ల "అమ్మా, నీళ్ళు" అంది. వాళ్ళమ్మ దాని నోరు మూసింది.

డ్రైవరు దిగి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"ఆ పాల వ్యాను నా తోడల్లుడిది" అన్నాడు. "మేమిద్దరం ఒకే ఇంటి అల్లుళ్ళం. వాడు జన్మలో చుక్క ముట్టలేదు. మా మరదలు నెల రోజుల నుంచి గడప దాటలేదు. కుళాయి దగ్గరికి వెళ్తే తాగుబోతు పెళ్ళాం అంటున్నారు. నేను కూడా అనుకున్నాను, ఆ ఒక్క రోజు తాగాడేమోనని. మొన్న దాని మొహం మీదే అన్నాను."

నేను తల వంచుకున్నాను.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

మార్చి రెండు నుంచి అందామనుకున్నాను. రిజిస్టరు చూసిన రోజు నుంచి అందామనుకున్నాను.

"విన్న రోజు నుంచి" అన్నాను.

"ఇప్పుడు చెప్పిందంతా వచ్చి దానికి చెప్పు."

"వస్తాను. రేపు పొద్దున్నే..."

"రేపు కాదు" అన్నాడు. నా భుజం పట్టుకుని బస్సు ఎక్కించాడు. గట్టిగా కూడా పట్టుకోలేదు. ముందు సీట్లో ఉన్న ముసలావిడ బుట్ట ఒళ్ళో పెట్టుకుని నాకు చోటిచ్చింది. బస్సు వెనక్కి తిప్పాడు. దీవివాళ్ళందరినీ సంత షెడ్డు దగ్గర దింపి, నన్ను ఒక్కడినీ ఇక్కడికి తీసుకొచ్చాడు.

ఇరుకు సందు. బస్సు సందు మొదట్లోనే ఆగింది. మూడో ఇల్లు. గోడకి ఆనించి రెండు ఖాళీ పాల క్యాన్లు, తోమి బోర్లించి ఉన్నాయి. డ్రైవరు గుమ్మంలో నిలబడి లోపలికి ఏదో చెబుతున్నాడు. లోపల ఆడమనిషి గొంతు, ఒక్క మాట, ఏమిటో వినబడలేదు.

ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు. 'అయ్యా, నేను ఓడరేవు కార్యాలయంలో' అన్నదొక్కటే నోటికి వస్తోంది.

తలుపు పూర్తిగా తీశారు. ఆవిడ బయటికి వచ్చి, బస్సులో ఎవరున్నారా అని చూస్తోంది. డ్రైవరు నన్ను రమ్మని చెయ్యి ఊపుతున్నాడు.